మొదటి సాలార్ జంగు: బేరారు కొఱకు ముప్పదియేండ్లు

క్రీస్తుశకము 1853 మే 21వ తేదీన హైదరాబాదు నిజాము నాసిరుద్దౌలా ఒక సంధిపత్రమునకు సమ్మతించెను. ఆ పత్రముతో నల్లరేగడి బేరారు, కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది, ధారాశివ ప్రాంతము ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చేతిలోనికి పోయెను. ఏటేట ఇంచుమించు ఏబది లక్షల రూపాయల ఆదాయము వచ్చు నేల అది. సంధి నడపిన దివాను సిరాజుల్ ముల్కు ఐదవనాడే కన్నుమూసెను. నెల ముగియునప్పటికి దివానుగిరి ఆయన సోదరపుత్రుడగు ఇరువదినాలుగేండ్ల యువకునికి సంక్రమించెను. ఆ యువకుడే మీర్ తురాబ్ అలీ ఖాను. సాలార్ జంగు బిరుదముతో లోకప్రసిద్ధుడు.

నేడు ఈ పేరు చెప్పగానే జనులకు మూసీతీరమునందలి వస్తుప్రదర్శనశాల తలపునకు వచ్చును. ఆ వస్తుసంచయములో అధికభాగము ఈయన మనుమడు మూడవ సాలార్ జంగు కూర్చినది. మనము చెప్పబోవు తాత కూర్చినది వస్తువులను గాదు. ఉత్తరములను, లెక్కలను, అర్జీలను. ముప్పదియేండ్లపాటు ఆయన ఒక్క బాకీ రాబట్టుటకు ప్రయత్నించెను. ఆ బాకీ పేరు బేరారు. అది రాలేదు. ఏల రాలేదో తెలిసికొన్నచో, ఒక మహాసామ్రాజ్యము పెరుగుచున్న కాలమున దాని నీడలో నిలిచిన చిన్న రాజ్యమునకు దౌత్యము ఎంతవరకు అక్కరకు వచ్చునో, ఎచ్చట చేయి విడుచునో తెలియును.

ముందుగా ఆ అప్పు పుట్టిన తీరు చెప్పవలెను. నిజాము రాజ్యము ఇంగ్లీషువారితో చేసికొన్న ప్రతి సంధియు కొంత నేలను ఖర్చు వ్రాసినది. 1766లో ఉత్తర సర్కారులు పోయెను. 1788లో గుంటూరు పోయెను. 1800లో బళ్ళారి, కడప మొదలగు దత్తమండలములు పోయెను. తెలుగువారు మూడు ముక్కలై వేర్వేఱు దొరతనముల క్రింద బ్రదుకవలసి వచ్చుట ఈ కాగితముల ఫలమే. ఆ మండలముల మూల్యముగా నిజామునకు ఇంగ్లీషు సహాయసైన్యము లభించెను. 1800 నాటి సంధి ప్రకారము నిజాము యుద్ధకాలమున మాత్రమే తన వంతు బలమును పంపవలసియుండెను. కాని క్రమముగా రెసిడెంటులు ఇంగ్లీషు సేనానుల క్రింద మఱియొక సైన్యమును హైదరాబాదులో పెంచిరి. కంటింజెంటు అని దానికి పేరు. శాంతికాలమునను అది కదలలేదు. దాని ఖర్చు నిజాము ఖజానాది. దానిపై ఆజ్ఞ రెసిడెంటుది. జీతములు సకాలమున అందనప్పుడు అధికవడ్డీకి అప్పులు, అప్పుపై అప్పులు. తుదకు ఆ బాకీ క్రింద బేరారు జమ అయ్యెను. సంధి ప్రకారము ఇట్టి సైన్యమును శాంతికాలమున పోషించు బాధ్యత నిజామునకు లేదని గవర్నరు జనరలు డల్హౌసీయే తన వ్రాతలలో ఒప్పుకొని, ఆ వెనుకనే బేరారును పట్టుకొనెను. ఋణపత్రము చెల్లదని తెలిసియు తాకట్టు భూమిని స్వాధీనపఱచుకొన్న సాహుకారు నీతి ఇది.

ఇట్టి స్థితిలో సాలార్ జంగు దివానయ్యెను. 1829 జనవరిలో ఆయన బిజాపురమున జన్మించెను. పసితనముననే తండ్రిని గోల్పోయి బంధువుల పోషణలో పెరిగెను. పారసీక అరబ్బీ విద్యలతోపాటు ఇంగ్లీషును నేర్చెను. వంశమంతయు దివానుల వంశము. మీర్ ఆలంతో సంబంధము గలది. కాని వంశము ఇచ్చినది పదవి మాత్రమే. ఖజానా వట్టిదై యుండెను. పరగణాలు అరబ్బు, రోహిలా జమాదారుల చేతులలో తాకట్టుపడియుండెను. తాలూక్దార్లు శిస్తును గుత్తకు పట్టి, సర్కారునకు కొంత కట్టి, మిగిలినది తమ యిండ్లకు చేర్చుకొనుచుండిరి. రైతు ఎంత యిచ్చెనో సర్కారునకు తెలియదు. సర్కారునకు ఎంత చేరెనో రైతునకు తెలియదు.

యువదివాను చేసిన మొదటి దౌత్యము ఈ లోపలి పనియే. బాకీగలవాడు పొరుగువానితో సమానముగా కూర్చుండి మాటలాడలేడని ఆయన గ్రహించెను. తాకట్టు పరగణాలను ఒక్కొక్కటిగా విడిపించెను. గుత్తలను మాన్పించెను. పలుచోట్ల పలురకములుగా చెలామణియగు నాణెముల నరికట్టి హాలీ సిక్కాను స్థిరపఱచెను. ధాన్యభాగమునకు బదులు నగదు శిస్తు ఏర్పఱచెను. 1865లో జిలాబందీ అను పేర రాజ్యమును జిల్లాలుగ విభజించి, అవ్వల్ తాలూక్దారు మొదలు తహసీల్దారు వఱకు జీతగాండ్రగు ఉద్యోగులను నియమించెను. తెలంగాణములోని పట్టాదారుల తాతముత్తాతలు చూచిన కచేరీ, దఫ్తరు, పటేలు పట్వారీల క్రమము ఆనాడు కుదుటపడినదే. ఈ సంస్కారములను గూర్చి గ్రంథములు కలవు; వానిని ఇచ్చట విస్తరింపము. ఇవన్నియు ఆయనకు సాధనములు మాత్రమే. ఖజానా నిండినచో కంటింజెంటు ఖర్చు నగదుగా చెల్లింపవచ్చును. నగదు చెల్లించినచో బేరారును అడుగవచ్చును. ఇది ఆయన లెక్క.

ఆ లెక్క మొదలుపెట్టిన నాలుగేండ్లకే 1857 వచ్చెను.

ఆ మే నెలలో ఉత్తరదేశమున సిపాయిలు తిరుగబడిరి. ఆ నెలలోనే ముసలి నిజాము చనిపోయి అఫ్జలుద్దౌలా గద్దెనెక్కెను. ఢిల్లీ వార్తలు, కొత్త ప్రభువు, నగరమున వేలకొలది ఆయుధధారులు. వీని నడుమ దివాను నిలిచెను. హైదరాబాదు కదలినచో దక్షిణమంతయు కదలునని బొంబాయి, మదరాసు దొరలు వణకుచుండిరి. ఆ భయము నిజమైనదే. కృష్ణకు ఉత్తరమున, నర్మదకు దక్షిణమున నిజాము మాటకు ఉన్న విలువ మఱెవ్వరి మాటకును లేదు. దక్కను చరిత్రలో ఒక్క మనుష్యుని నిర్ణయముపై ఇంత భారము పడిన ఘట్టములు అరుదు.

సాలార్ జంగు ఇంగ్లీషువారి పక్షము వహించెను. బేరారునుండి పారివచ్చిన జమాదారు చీదా ఖానును, ఆతని అనుచరులను పట్టి రెసిడెన్సీకి అప్పగించెను. వారిని విడువుమని నగరము కోరెను. జూలై 17వ తేదీ సాయంకాలము తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అలాయుద్దీను నాయకులుగా జనులు రెసిడెన్సీపై నడచిరి. ఎదురుగనున్న ఇద్దరు సాహుకార్ల మేడలను ఆక్రమించి రాత్రియంతయు తుపాకులు కాల్చిరి. దివాను ముందే హెచ్చరించియుండుటచే రెసిడెంటు డేవిడ్సను సిద్ధముగా నుండెను. తెల్లవాఱునప్పటికి తిరుగుబాటు అణగెను. తుర్రెబాజ్ ఖాను పట్టుబడి, చెఱనుండి తప్పించుకొని, 1859లో తూప్రాను దగ్గర చంపబడెను. ఆతని శవమును నగరమున వ్రేలాడదీసిరి. నేడు ఆ రెసిడెన్సీ ప్రాంగణమున ఆడపిల్లలు చదువుకొనుచున్నారు; తుర్రెబాజ్ ఖానునకు సమీపముననే స్మారకచిహ్నము కలదు. చీదా ఖానును అప్పగించిన దివానుపేర ఆ చుట్టుప్రక్కల ఏమియు లేదు. జనులు తమ తీర్పును ఆ విధముగ చెప్పుకొనిరి.

దేశాభిమాని యగువానికి ఈ ఘట్టమును చదువుట కష్టము. సాలార్ జంగును ద్రోహియని తేల్చివేయుట సులభము. మహానీతిజ్ఞుడని పొగడుట ఇంకను సులభము, ఇంగ్లీషు చరిత్రకారులు ఆ పని చేసియే యున్నారు. ఆయన కండ్లతో ఒకసారి చూతము. రాజ్యమున ఉన్న సుశిక్షిత సైన్యము కంటింజెంటు. దాని అధికారులు ఇంగ్లీషువారు. ప్రక్కనే సికిందరాబాదున వారి దండు. బయటినుండి సాయమువచ్చు సముద్రతీరము నిజామునకు లేదు. 1788 నాటికే అది పోయినది. ఓడినచో అవధ్ నవాబునకు 1856లో పట్టిన గతి పట్టును. మన ప్రాచీన రాజనీతిశాస్త్రము బలహీనునకు ఆఱుగుణములలో సంశ్రయము అను దానిని చెప్పినది. బలవంతుని ఆశ్రయించి కాలము గడుపుట. సాలార్ జంగు ఎన్నుకొన్నది దానినే. కాని సంశ్రయము వెనుక ఒక ఆశ కూడ ఉండెను. ఈ మేలునకు ప్రతిగా బేరారు తిరిగివచ్చునని ఆయన నమ్మెను. తప్పు అచ్చటనే జరిగినదని మా అభిప్రాయము. ఆపద గడచిన పిమ్మట ఆపదలో చేసిన సాయమునకు ఎవ్వరును వెల కట్టరు. వెల మాటలాడదలచినచో జూలై 17కు ముందే మాటలాడవలసియుండెను. ఆయన ముందు సాయము చేసెను. బేరారు మాట వెనుక ఎత్తెను.

తన నగరమున ఆయన దీనికి మూల్యము చెల్లించెను. 1859లో రెసిడెంటుతో కూడ దర్బారునుండి వచ్చుచుండగా ఆయనపై కాల్పులు జరిగెను. 1868లో మఱల ప్రాణాపాయము కలిగెను. అఫ్జలుద్దౌలాకు తన దివానుపై నమ్మకము లేదు. నగరము దాటవలెనన్నను ప్రభువు సెలవు కావలెను. ఇంగ్లీషువారి మనిషియని ప్రభువు శంకించెను. మున్ముందు నిజాము మనిషియని ఇంగ్లీషువారు శంకింపబోవుదురు. రెండు గోడల నడుమ ఇరుకు సందులో ఆయన జీవితమంతయు నడచెను.

ఇక ప్రతిఫలము. 1860 డిసెంబరు నాటి కొత్త సంధిచే ఏబది లక్షల బాకీ రద్దయ్యెను. రాయచూరు అంతర్వేది, ధారాశివము తిరిగివచ్చెను. తిరుగబడిన సురపురపు దొర సీమను నిజామునకు ఇచ్చిరి. ఆ సొరాపురము బేడరనాయకులది. ఒకరి నేల తీసి ఒకరికి బహుమానమిచ్చుట సామ్రాజ్యములకు ఖర్చులేని దానము. దివానునకు ముప్పదివేల రూపాయల విలువగల కానుకలు వచ్చెను. బేరారు మాత్రము రాలేదు. పైగా ఆ సంధిలోనే ఒక షరతు చేరెను: బేరారు ఆదాయవ్యయముల లెక్కలు ఇకమీద నిజాము అడుగరాదు, మిగులు ఉన్నచో ఇంగ్లీషువారే పంపుదురు. భూమి గలవారికి దీని అర్థము వేఱుగ చెప్పనక్కఱలేదు. తాకట్టు పెట్టినవాడు పంట లెక్క అడుగరాదన్నచో ఆ తాకట్టు ఎన్నడును తీరదు. ఇంతకును కంటింజెంటు ఏమి చేసినది? 1858లో మధ్యహిందూస్థానమున, ఝాన్సీ రాణిపై నడచిన ఇంగ్లీషు సేనతోపాటు పోయి పోరాడినది. హైదరాబాదు రక్షణకని బేరారు రైతు పోషించిన సైన్యము అది.

బేరారు ఏల విడువరో తెలియవలెనన్నచో హైదరాబాదును విడిచి దూరమునకు చూడవలెను. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలయ్యెను. దక్షిణరాష్ట్రముల ప్రత్తి ఓడలు ఆగెను. లాంకషైరు మిల్లులు ప్రత్తికై హిందూదేశమువైపు చూచెను. నల్లరేగడి బేరారు ఒక్కసారిగా బంగారమయ్యెను. బొంబాయినుండి నాగపురమునకు 1867లో చేరిన రైలుమార్గము బేరారు గుండెలమీదుగా పోయెను. 1869లో సూయజు కాలువ తెఱచుటతో బొంబాయి రేవు ఐరోపాకు మఱింత దగ్గఱయ్యెను. డల్హౌసీ నాడు బేరారు ఒక సైన్యపు జీతములకు హామీ. పదునైదేండ్లలో అది ప్రపంచవర్తకపు ముడిసరకు భాండారము. వస్తువు విలువ పెరిగినకొలది దానిని తిరిగియిచ్చు న్యాయము తఱిగిపోవుట లోకస్వభావము. సాలార్ జంగు సంధిపత్రముల అక్షరములను చూపుచుండెను. కలకత్తాలో చూచుచున్నది ప్రత్తి బేళ్ళను.

1869లో అఫ్జలుద్దౌలా చనిపోయెను. కుమారుడు మహబూబ్ అలీ ఖానునకు మూడేండ్లు నిండలేదు. సాలార్ జంగు, పైగా వంశీయుడగు అమీరె కబీరు షంసుల్ ఉమ్రాయు సహపాలకులుగా రాజ్యభారము వహించిరి. మొదటిసారిగా దివాను చేతులు స్వతంత్రమయ్యెను. 1872 మొదలుకొని ఆయన బేరారును గూర్చి వ్రాయసాగెను. ఆయన ప్రతిపాదన సులువైనది: కంటింజెంటు జీతములకు సరిపోవు వడ్డీ వచ్చునంతటి మూలధనమును ఇంగ్లీషు సర్కారువద్ద నిలువయుంచెదము, హామీ దొరకినది గనుక భూమిని తిరిగియిండు. ఏ న్యాయస్థానమునందైనను ఇది నిలుచు వాదము. సర్కారు దానిని త్రోసిపుచ్చెను. భూమియే సరియైన హామీ యనిరి, సంధి శాశ్వతమనిరి.

ఇదే కాలమున తక్కిన ప్రాచ్యరాజ్యములు ఏమి చేయుచుండెనో పోల్చి చూచుట మేలు. సాలార్ జంగు దివానైన 1853 వేసవిలోనే అమెరికా నావికాధిపతి పెర్రీ నల్లని పొగయోడలతో జపాను వాకిట నిలిచెను. జపానుకును అసమానసంధులు తప్పలేదు. 1871లో ఇవాకురా నాయకత్వమున ఆ దేశపు పెద్దమంత్రులే ఐరోపా అమెరికాలకు పోయి సంధులు మార్పుడని అడిగిరి. అప్పుడు ఒప్పుకొన్నవారు లేరు. వారు తిరిగివచ్చి సైన్యమును, కర్మాగారములను, బడులను కట్టిరి. 1894లో ఇంగ్లండే ముందుగా సంధిని మార్చెను. ఇటు ఈజిప్టును చూడుడు. ఖదీవు ఇస్మాయిలు అప్పులలో మునిగి 1875లో సూయజు వాటాలను ఇంగ్లండునకు అమ్మెను. మఱుసటియేట ఋణదాతల సంఘము ఆతని ఖజానాపై కూర్చుండెను. 1882లో ఇంగ్లీషు సేన దిగెను. సాలార్ జంగు ఈజిప్టు గతినుండి హైదరాబాదును తప్పించెను. అప్పు తీర్చెను, లెక్కలు సరిచేసెను. జపాను మార్గము ఆయనకు మూయబడియుండెను. ఎందుకనగా జపానులో సైన్యము జపానుది. ఇంటి కావలివాని జీతము మనమిచ్చుచు, వాని చేతికఱ్ఱ పొరుగువాని ఆజ్ఞతో లేచుచున్నప్పుడు, పొరుగువానితో తగవు ఎట్లు నడపగలము?

రైలు కథయు ఇట్టిదే. వాడీ దగ్గఱ బొంబాయి మార్గమునుండి చీలి సికిందరాబాదునకు పోవు ఇనుపదారి 1874లో తెఱచిరి. తాండూరు, వికారాబాదు మీదుగా పోవు దారి అదియే. దానికి కావలసిన ధనము నిజాము రాజ్యముది; దాని మొదటి ప్రయోజనము సికిందరాబాదు దండునకు బొంబాయినుండి బలములు, సామగ్రి త్వరగా చేరుట. సాలార్ జంగు ఇది యెఱుగక కాదు. ఎటులైనను రైలు వచ్చును, మన మాటతో వచ్చినచో కొంత లాభమైన మనకు మిగులునని తలచినట్లు తోచును. ఆ లాభము నిజముగనే మిగిలినది. ఈ ప్రాంతపు ధాన్యము, తాండూరు బండలు దూరదేశములకు పోయినది ఆ దారిననే. మర్పల్లి మీదుగా బీదరునకు పోవు శాఖ పిమ్మట వికారాబాదులోనే ఆ దారినుండి చీలినది. పట్టాలమీద నడచునది దండైనను ధాన్యమైనను పట్టాలకు భేదము లేదు.

1875లో విక్టోరియా రాణి జ్యేష్ఠపుత్రుడు వేల్సు యువరాజు హిందూదేశమునకు వచ్చెను. తొమ్మిదేండ్ల నిజామును బొంబాయికి తీసికొనివచ్చి దర్శనము చేయింపవలెనని రెసిడెంటు పట్టుపట్టెను. బాలుని ఆరోగ్యము బాగులేదని సాలార్ జంగు పంపలేదు, తానే పోయెను. ఆరోగ్యకారణము నిజమే కావచ్చును. నిజాము ఇతర సంస్థానాధీశుల వరుసలో నిలువరాదన్న అభిమానము కూడ దాని వెనుక లేకపోలేదు. యువరాజు పరివారములోని సదర్లండు డ్యూకు దివానును ఇంగ్లండునకు ఆహ్వానించెను. కలకత్తా ద్వారము మూసియున్నది; లండను ద్వారము తట్టి చూతమని సాలార్ జంగు నిశ్చయించెను.

1876 వేసవిలో ఆయన బయలుదేరెను. రోమునగరమున ముసుగులోని రెబెక్కా పాలరాతి విగ్రహమును కొనెను. నేటికిని ప్రదర్శనశాలలో జనులు దాని ముందు నిలిచి ఆశ్చర్యపడుచుందురు. పారిసులో మెట్లమీదనుండి జాఱి తొడయెముక విఱిగెను. గాయము మానకముందే లండను చేరెను. ఇంగ్లండు ఆయనను నెత్తిన పెట్టుకొనెను. రాణి దర్శనమిచ్చెను. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయము గౌరవ పట్టము నొసగెను. లండను నగరము తన పౌరసత్వమును కానుకగ నిచ్చెను. ఇరువదియేండ్లనాడు దక్షిణమును కాపాడిన మనుష్యుడని పత్రికలు వ్రాసెను. కొందఱు పార్లమెంటు సభ్యులు, పత్రికాకర్తలు బేరారు విషయమున సానుభూతి చూపిరి.

ఐనను ఇండియా మంత్రి కార్యాలయమున బల్లమీదికి అర్జీ ఎక్కలేదు. హిందూదేశపు సంస్థానపు మాట హైదరాబాదు రెసిడెంటు ద్వారా, కలకత్తా ద్వారా మాత్రమే రావలెనని చెప్పి పంపిరి. విందులు లండనులో, వ్యవహారము కలకత్తాలో. నలుబదియేడేండ్ల వయసున, విఱిగిన కాలితో, సముద్రములు దాటిపోయిన మంత్రికి లభించిన రాజకీయఫలము ఇంతే. మన నాయకులు పలువురు పిమ్మటి కాలమున ఇదే లండను దారి పట్టి ఇదే అనుభవముతో తిరిగివచ్చిరి. ఇంగ్లీషు ప్రజాభిప్రాయము అను దేవతకు పూజలు చేసినవారిలో సాలార్ జంగు తొలివారిలో నొకడు.

తిరిగివచ్చునప్పటికి కాలము ఇంకను మాఱెను. లిట్టను వైస్రాయి. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను హిందూదేశ చక్రవర్తినిగా చాటిరి. ఈసారి బాలనిజామును తీసికొనిపోక తప్పలేదు. ఒక్క బిరుదముతో రాజ్యముల నడుమ సంబంధమే మాఱెను. నిన్నటివరకు నిజాము ఇంగ్లండునకు సంధిమిత్రుడు. చక్రవర్తిని ముందు సామంతుడు. సంధిపత్రమును చూపి హక్కు అడుగువానికి ఇంతకంటె పెద్ద దెబ్బ లేదు. పత్రము అట్లేయుండగా దానిపై సంతకము చేసిన వారి హోదాలు మాఱిపోయినవి.

లిట్టను అంతటితో ఆగలేదు. ఆ యేట సహపాలకుడు అమీరె కబీరు మరణింపగా, ఆతని స్థానమున సాలార్ జంగునకు చిరకాలముగ పడని రషీదుద్దీను ఖానును నియమించెను. వికారుల్ ఉమ్రా ఆతని బిరుదము. తరువాత ఆతని కుమారునకును అదే బిరుదము. వికారాబాదు పేరున ఆ బిరుదమే నిలిచియున్నది. సాలార్ జంగు అభ్యంతరము చెల్లలేదు. ఆయన ఆంగ్ల కార్యదర్శిని కొలువునుండి తొలగింపజేసిరి. కొత్త రెసిడెంటు సర్ రిచర్డు మీడు కావలివానివలె కూర్చుండెను. 1878లో లండనునుండి జవాబు వచ్చెను: నిజాము మైనరుగ నున్నంతకాలము బేరారు మాట ఎత్తరాదు. కాదనలేదు, ఔననలేదు, కాలము పొడిగించిరి. ప్రభువు ఎదిగినపిమ్మట దివాను ఉండడని లెక్క వేసికొన్నారో యేమో.

అట్లే జరిగెను. 1881లో రషీదుద్దీను చనిపోయెను. సాలార్ జంగు మఱల ఒక్కడై అధికారము నెఱపెను. నిజామునకు వయసు వచ్చుచుండెను. ఆయనను ఐరోపాకు తీసికొనిపోవు ఏర్పాట్లును నడచుచుండెను. 1883 ఫిబ్రవరి మొదటివారమున జర్మనీనుండి వచ్చిన మెక్లెన్బర్గు డ్యూకునకు మీరాలం చెఱువుపై విహారము ఏర్పాటుచేసి, తాను కూడ పోయెను. ఆ వెంటనే వాంతిభేది తగిలెను. ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి మరణించెను. విషప్రయోగమని నగరమున వదంతులు పుట్టెను. వానికి ఆధారము కనబడదు. దాయిరా మీర్ మోమినులో ఆయన సమాధి కలదు. ఏడాది తిరుగకముందే, 1884 ఫిబ్రవరి 5న మహబూబ్ అలీ ఖానునకు వైస్రాయి రిప్పను స్వయముగా వచ్చి పూర్ణాధికారమునిచ్చెను. బేరారు మాట ఎత్తవలసిన గడువు వచ్చెను, ఎత్తవలసినవాడు లేడు.

ఆయన పాలనలో ఒక వెలితిని చెప్పక విడుచుట న్యాయము కాదు. దఫ్తరుల నడపుటకు ఉత్తరహిందూస్థానమునుండి విద్వాంసులను, ఉద్యోగులను రప్పించెను. వారిలో సమర్థులు లేకపోలేదు. కాని రాజ్యమున పెక్కుమంది మాటలాడు తెలుగునకు, మరాఠీకి, కన్నడమునకు కచేరీలో కుర్చీ వేయలేదు. కచేరీ భాష పారసీకము. ఆయన పోయిన పిమ్మట ఉర్దూ. బేరారును కోరుచు ఇన్ని కాగితములు వ్రాసిన మంత్రికి బేరారు రైతును గాని పాలమూరు రైతును గాని అడుగవలెనన్న తలంపు కలుగలేదు. ఆ కాలపు దివానులకు ఎవ్వరికిని కలుగలేదని సమాధానము చెప్పవచ్చును. కాని ఫలితము మాత్రము ఒకటే. ఇంగ్లీషువాడు కాదన్న నాడు ఆ కాదనుటను కష్టముగ చేయు బలము దివాను వెనుక ఏదియు నిలువలేదు. సైన్యము పరులది, ప్రజ మూగది. మిగిలినది ఒక్క మనుష్యుని బుద్ధికుశలత. దానితోనే ఆయన ముప్పదియేండ్లు లాగెను. అందుకు ఆశ్చర్యపడవలెను.

తరువాతి కథ త్వరగా ముగియును. 1902లో కర్జను హైదరాబాదునకు వచ్చి యువకుడు కాని నిజాముతో ఏకాంతమున మాటలాడెను. బేరారు ఏటికి ఇరువదియైదు లక్షలకు శాశ్వత కౌలుకు పోయెను. మఱుసటియేట బేరారును మధ్యపరగణాలతో కలిపిరి. ఏ కంటింజెంటు జీతములకై బేరారును పట్టిరో ఆ కంటింజెంటును ప్రత్యేకసైన్యముగ తీసివేసి ఇంగ్లీషు సైన్యములో చేర్చుకొనిరి. కారణము పోయినను తాకట్టు పోలేదు. 1923లో చివరి నిజాము ఉస్మాను అలీ ఖాను మఱల అడిగెను. 1926లో వైస్రాయి రెడింగు ఇచ్చిన జవాబు సాలార్ జంగునకు ఎవ్వరును నోరు విప్పి చెప్పని మాటను చెప్పెను: ఇంగ్లీషు సార్వభౌమత్వము సంధులపై నాధారపడినది కాదు, ఏ సంస్థానాధీశుడును సమానస్థాయిలో వ్యవహరింపజాలడు. 1936లో నిజాము పెద్దకుమారునికి బేరారు యువరాజను బిరుదము దక్కెను. నేల రాలేదు, పేరు వచ్చినది.

1947లో ఇంగ్లీషువారు వెడలిపోయిరి. నిజాము ప్రభుత్వము దివానుల పాతదారినే నమ్మి యథాతథ ఒడంబడికలు, దూరదేశపు న్యాయవాదులు, తుదకు 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు వఱకు పోయెను. ఈసారి రాజ్యమున ప్రజ మూగది కాదు. సెప్టెంబరులో భారతసేనలు ప్రవేశించెను, ఫిర్యాదు వెనుకకు తీసికొనబడెను. 1956 నవంబరు 1న రాజ్యమును భాషలనుబట్టి పంచిరి. బేరారు మరాఠీవారితో బొంబాయి రాష్ట్రమున చేరెను. గుల్బర్గా జిల్లాలో నుండిన తాండూరు, కొడంగల్లు తాలూకాలు తెలుగువారితో కలిసెను.